మేత సంచీ మీద లెక్క

మేత సంచీ చింపి, లోపలి తెల్లటి వైపు రాశాను:
క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు
పదకొండు వేల ఎనిమిది వందలు.
అంతకుముందు మూడో గేరు పడాలంటే
పెంచలకోన స్వామికి మొక్కుకోవాల్సి వచ్చేది.
ఇప్పుడు మెత్తగా పడుతుంది.
మొక్కే అలవాటు మాత్రం పోలేదు.

ముప్ఫై కౌంటు రొయ్యకి
అడిగినంత పలికిన ఏడు తెచ్చుకున్న స్కార్పియో.
అప్పట్లో అద్దాలు చెప్పిన మాట వినేవి.
పదహారేళ్లకి ఎడమ అద్దం
సగంలో ఆగి నన్ను చూస్తుంది,
దిగనా, ఉండనా అని.

మైపాడు గాలికి ఇనుమంటే మహా రుచి.
ముందు తలుపుల కింది అంచు తినింది,
తర్వాత ఫుట్‌బోర్డు,
తర్వాత సైలెన్సరుకి వేలు దూరేంత బెజ్జం.
చెరువులో ఉప్పెంతో రోజూ కంటికి గొట్టం పెట్టుకుని చూస్తాను,
పదిహేను, పద్దెనిమిది అని పుస్తకంలో వేస్తాను.
బండి తాగిన ఉప్పుకి పుస్తకం లేదు.

ఆటోనగర్‌లో మస్తాన్ బానెట్ ఎత్తి
కళ్లు మూసుకుని విన్నాడు,
మా డాక్టరు ఎప్పుడూ అంతసేపు వినలేదు నన్ను.
"టర్బో ఈల వేస్తా ఉంది.
ఇంజెక్టర్లు రెండు కారతా ఉండాయి, అందుకే ఆ నల్ల పొగ.
కింద బుష్షులు అరిగి పిండయిపోయినాయి."
ఇదంతా పెంచలబాబు మొహం చూసి చెప్పాడు.
వాడు మేత చల్లే కుర్రాడు,
బండి గురించి వాడికి తెలిసింది హారన్ ఒక్కటే.
"బండి నాది అబ్బయా, ఇటు తిరిగి చెప్పు."

చేతులు గుడ్డకి తుడుచుకుని తిరిగాడు.
"టర్బో రిపేరుకి పంతొమ్మిది వేలక్కా.
ఇంజెక్టరు ఒకోటి ఐదున్నర. కొత్తవయితే అడగబాక.
రేడియేటరుకి ఎమ్‌సీల్ పెట్టి ఈ పంట దాకా లాగిద్దాం.
లేబరు నువ్వేమన్నా ఇయ్యి."
ఏమన్నా అంటే నాలుగు వేలని
నెల్లూరులో పసిబిడ్డకి కూడా తెలుసు.

పక్క షెడ్డులోంచి తుక్కు బేరగాడు వచ్చి
బండి చుట్టూ ఒక్కసారి నడిచి
టైరుని కాలితో తన్ని, తొంభై వేలన్నాడు.
తన్నిన టైరు మొన్న వేయించింది.
దాని మీద ఇంకా రబ్బరు మీసాలున్నాయి.

కార్తీకంలో వాయుగుండం పట్టిన రాత్రి
కరెంటు పోయింది,
జనరేటరు రెండుసార్లు దగ్గి పడుకుంది.
ఏరేటర్లు ఆగిన చెరువు నిశ్శబ్దం
విన్నవాళ్లకే తెలుస్తుంది.
గట్టు వారకి రొయ్యలు తేలడం మొదలు.
ఈ బండినే బురదలో గట్టు మీదికి ఎక్కించాను.
లైట్లు నీళ్ల మీదికి వేసి, ఇంజను ఆపకుండా
దీని బ్యాటరీ నుంచి దానికి వైర్లు లాగాం.
వానలో పెంచలబాబు పళ్లతో వైరు ఒలిచాడు.
రెండుంబావుకి చక్రాలు నీళ్లని కొట్టాయి.
నేను స్టీరింగు మీద తల పెట్టి
ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను.

తెల్లారి ఆల్టర్నేటరు కాలిన వాసన.
ఎనిమిది వేల రెండొందలు.
ఆ అంకెని ఏ వరసలో వేయాలో
సంచీ మీద ఇప్పటికీ తేల్చుకోలేదు,
బండి ఖర్చులోనా, చెరువు ఖర్చులోనా.

ఈ సంగతి మస్తాన్‌కి చెప్పలేదు.
ప్రేమ ఉందని తెలిస్తే రేటు పెరుగుతుంది.
"టర్బో చెయ్. ఇంజెక్టర్లు చెయ్. బుష్షులు చెయ్.
అద్దం ఒదిలెయ్" అన్నాను.

మూడో రోజు సాయంత్రం తెచ్చుకున్నాం.
ఈల లేదు, పొగ లేదు.
ఇందుకూరుపేట దాటేదాకా
సగం అద్దంలోంచి కోసిన వరి వాసన.
గంగపట్నం మలుపు తిరిగేటప్పుడు
కింద ఎక్కడో, ఎడమ వైపు,
టక్.
కాసేపటికి మళ్లీ, టక్.
పెంచలబాబు నా మొహం చూశాడు.
రేడియో పెట్టరా అన్నాను.